మిల్లు కాటా నుంచి పూతరేకుల కొట్టు దాకా: చిన్న వ్యాపారాల కంప్యూటర్ చిక్కులు విప్పడం ఎలా

సార్వా (వానాకాలపు వరి) కోతలు మొదలయ్యాయంటే గోదావరి డెల్టాలో ఎవరికీ ఊపిరి సలపదు. మిల్లు గేటు దగ్గర ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరతాయి, కాటా గది కిటికీ ముందు డ్రైవర్లు మూగుతారు. సరిగ్గా అలాంటి పూటే ఫోను మోగుతుంది: "బాబూ, కంప్యూటర్ పనిచేయడం లేదు. కాస్త వెంటనే రాగలవా?"

భీమవరం నుంచి అమలాపురం దాకా, తణుకు నుంచి మండపేట దాకా ఇప్పుడు కంప్యూటర్ లేని వ్యాపారం అరుదు. కానీ దాన్ని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టుకునే స్తోమత చిన్న వ్యాపారికి ఉండదు. రైసు మిల్లు, రొయ్యల మేత డీలరు, ఐసు ఫ్యాక్టరీ, నర్సరీ, బట్టల కొట్టు, మందుల దుకాణం, ఇలా పదిహేను ఇరవై చోట్లకు అవసరానికి పిలిస్తే వెళ్ళే మనిషి ఒక్కరుంటే అందరికీ సరిపోతుంది. హైదరాబాదు బస్సు ఎక్కకుండా ఊళ్లోనే ఉండి ఆ పని చేయాలనుకునే వారి కోసం, నేను పని చేసే వరసను ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. చిన్న వ్యాపారి కంప్యూటర్ అంటే ఆ ఇంటి చిట్టా, ఆవర్జా. ఏ రైతుకు ఎంత ఇవ్వాలి, ఏ చెరువు వారి మేత బాకీ ఎంత, అన్నీ అందులోనే ఉంటాయి. యంత్రం పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. పద్దు పోతే ఏ అంగడిలోనూ దొరకదు. అందుకే పద్దు భద్రమయ్యాకే యంత్రం మీద చెయ్యి వేయండి.

ఫోనులోనే సగం తెలుసుకోండి

బండి తీసే ముందు ఈ ప్రశ్నలు అడగండి:

- ఎప్పటి నుంచి ఇలా ఉంది? నిన్న సాయంత్రం బాగానే ఉందా?
- ఒక్క కంప్యూటర్‌లోనేనా, అన్నిటిలోనూనా?
- ఈ మధ్య ఏమైనా మారిందా? కొత్త ప్రింటర్ తెచ్చారా, బల్ల జరిపారా, గోడలకు రంగులు వేయించారా, కరెంటు పోయి వచ్చిందా?
- తెర మీద ఏమి కనిపిస్తోంది? ఫోటో తీసి పంపగలరా?
- ఈ పూట ఆగకూడని పని ఏది?

మూడో ప్రశ్నకు చాలామంది "ఏమీ మార్చలేదండీ" అంటారు. అది అబద్ధం కాదు. ఊడ్చేటప్పుడు తీగ ఊడితే మళ్ళీ పెట్టడం వారి లెక్కలో మార్పు కిందకు రాదు. అందుకే బల్ల, రంగులు, కరెంటు అంటూ పేరు పెట్టి అడగాలి.

అన్నిటికన్నా విలువైనది ఆఖరి ప్రశ్న. సరుకు ఎక్కించిన లారీ ఈ-వే బిల్లు కోసం వాకిట్లో నిలబడి ఉంటే, మీరు వెళ్ళేలోగా ఆ బిల్లును వేరే కంప్యూటర్‌లోనో ఫోనులోనో తీయించి లారీని పంపించేయండి. లారీ కదిలితే యజమాని గుండె కుదుటపడుతుంది, మీకూ నిదానంగా పని చేసుకునే వీలు చిక్కుతుంది. ఇంకొకటి: కంప్యూటర్ లోపల నుంచి టక్ టక్‌మని చప్పుడు వస్తోందని చెబితే వెంటనే ఆపేయమనండి. ఆరిపోతున్న హార్డ్ డిస్కును మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడటం వల్ల, రక్షించగలిగిన పద్దు కూడా పోతుంది.

సంచిలో ఇవి ఎప్పుడూ ఉంచుకోండి: మల్టీమీటర్, స్క్రూడ్రైవర్లు, టార్చి, మెత్తని బ్రష్, పెన్సిల్ రాత చెరిపే రబ్బరు, బాగా పనిచేస్తుందని మీకు తెలిసిన పవర్ తీగ ఒకటి, నెట్ కేబుల్ ఒకటి, క్రింపింగ్ టూలు, విండోస్ ఎక్కించే పెన్ డ్రైవ్, ఖాళీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు), సీఆర్ 2032 అనే బిళ్ళ బ్యాటరీలు నాలుగు, ఒక నోటు పుస్తకం. ఆ పుస్తకంలో దుకాణానికి రెండు పేజీలు కేటాయించండి. ఏ రోజు ఏమి చూశారో, ఏమి మార్చారో తేదీ వేసి రాయండి. ఆరు నెలల తర్వాత అదే చిక్కు మళ్ళీ వచ్చినప్పుడు ఆ రెండు పేజీలే మిమ్మల్ని గట్టెక్కిస్తాయి.

వెళ్ళగానే చేతులు కట్టుకుని చూడండి

వెళ్ళీ వెళ్ళగానే మౌసు అందుకోకండి. రోజూ ఆ కుర్చీలో కూర్చునే మనిషినే మళ్ళీ ఆ పని చేసి చూపించమనండి. యజమాని చెప్పేది వేరుగా ఉంటుంది, గుమస్తా అనుభవించేది వేరుగా ఉంటుంది. "బిల్లు రావడం లేదు" అని యజమాని అంటారు. పక్కన నిలబడి చూస్తే బిల్లు వస్తూనే ఉంటుంది, వేరే గదిలోని ప్రింటర్‌కు వెళుతూ ఉంటుంది.

గుమస్తా వయసులో పెద్దవారైతే, యజమాని ముందు తన తప్పు బయటపడుతుందేమోనని బెదురుతూ ఉంటారు. "బాబాయ్ గారూ, ఇది మీ తప్పు కాదు, ఎక్కడ ఆగుతోందో ఒక్కసారి చూపించండి" అంటే చాలు, యజమానికి చెప్పని సంగతులన్నీ మీకు చెబుతారు. ముప్పై ఏళ్ళు చేతిరాతతో పద్దులు నడిపి, యాభై దాటాక కీబోర్డు నేర్చుకున్న మనుషులు వారు. వారిని చిన్నబుచ్చి మీరు ఏ చిక్కూ విప్పలేరు.

ముట్టుకునే ముందు పద్దుకు నకలు

ఈ ఒక్క మెట్టు దగ్గర తొందరపడకండి. లెక్కల సాఫ్ట్‌వేర్ ఏ ఫోల్డర్‌లో సమాచారం దాస్తోందో ఊహించకండి, సాఫ్ట్‌వేర్‌లోనే చూడండి. ట్యాలీ అయితే కంపెనీని ఎంచుకునే చోట ఆ దారి కనిపిస్తుంది. ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు చోట్ల ట్యాలీ ఫోల్డర్లు ఉండటం మామూలే. పాత ఆపరేటర్ ఒకటి, ఆడిటర్ గారి మనిషి మరొకటి పెట్టి ఉంటారు. తప్పు ఫోల్డర్‌కు నకలు తీసి, అంతా భద్రం అనుకుని, అసలుదాన్ని చెరిపేసిన వారిని నేను చూశాను. కాబట్టి ఆ రోజు ఆఖరి బిల్లు నంబరు కాగితం మీద రాసుకోండి. నకలు తీశాక దాన్ని మరో కంప్యూటర్‌లో తెరిచి, అదే నంబరు కనిపిస్తోందా చూడండి. అప్పుడే అది నకలు. మీ సొంత ల్యాప్‌టాప్‌లో తెరిస్తే, చూసిన వెంటనే యజమాని కళ్ళ ముందే తీసేయండి. ఇంకొకరి బాకీల జాబితా మీ దగ్గర ఉండకూడదు.

ఆ పూటకు అది చాలు. శాశ్వత ఏర్పాటుకు మాత్రం మూడు నకళ్ళు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట అన్న పాత సూత్రాన్ని పాటించండి. మన ప్రాంతంలో ఆ మూడోదాన్ని అసలు వదలకూడదు. 1996 నవంబరు తుపాను కోనసీమను ఎలా ఊడ్చిందో పెద్దలను అడిగితే చెబుతారు. 2022 జూలై వరదలో లంక గ్రామాల ఇళ్ళలోకి గోదావరి వచ్చింది. కంప్యూటర్ కిందనే, కంప్యూటర్‌కు గుచ్చిన పెన్ డ్రైవ్‌లోనే నకలు ఉంటే, నీరు రెండిటినీ కలిపే తీసుకుపోతుంది. దొంగ ఎత్తుకుపోయినా అంతే. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వచ్చినా అంతే, ఆ క్షణంలో తగిలించి ఉన్న డిస్కులోని ఫైళ్ళనూ అది వదలదు.

నేను చేసే ఏర్పాటు ఇది. రెండు చిన్న బయటి డిస్కులు కొనిపిస్తాను. ఒకదాని మీద "సోమ", రెండోదాని మీద "గురు" అని మార్కరుతో రాస్తాను. సోమవారం సాయంత్రం మొదటిది, గురువారం సాయంత్రం రెండోది తగిలించి నకలు తీసి, ఊడదీసి యజమాని ఇంటికి తీసుకుపోవాలి. ఇల్లు, దుకాణం ఒకే కప్పు కింద ఉంటే ఒక డిస్కు బంధువుల ఇంట్లో ఉండాలి. దీనికి తోడు ప్రతి రాత్రీ నెట్ ద్వారా క్లౌడ్‌లోకి ఒక నకలు దానంతట అదే వెళ్ళేలా, పాస్‌వర్డ్‌తో మూసి పెడతాను. చిన్న వ్యాపారుల లెక్కలు పరిమాణంలో పెద్దగా ఉండవు, మామూలు ఇంటర్నెట్‌కే అందుతాయి.

కరెంటు, తేమ, ఎలుక

డెల్టాలో ఈ మూడింటినీ చూడకుండా కంప్యూటర్‌ను తిట్టకండి. మిల్లులో పెద్ద మోటారు వేయగానే వోల్టేజీ ఒక్కసారిగా కుంగుతుంది, ఆఫీసు గదిలో కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. యజమాని దాన్ని "వైరస్" అంటారు. మల్టీమీటర్ తీసి, ప్లగ్గులో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దగ్గర ఉందా, మోటారు వేసినప్పుడు ఎంతకు పడుతోంది చూడండి. తర్వాత న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొలవండి. రెండు మూడు వోల్టులు దాటకూడదు. పది దాటితే ఎర్తింగ్ చెడిపోయిందని అనుమానించి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. బోర్డు విప్పే పని మీరు పెట్టుకోకండి. సముద్రం దగ్గరి ఉప్పు నేలల్లో ఎర్తు కడ్డీ తుప్పు పట్టి తెగిపోవడం వింత కాదు. ఎర్తు గుంటలో నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో అడగండి.

యూపీఎస్ ఉందంటే బ్యాటరీ బాగుందని అర్థం కాదు. యూపీఎస్ తీగను గోడ ప్లగ్గు నుంచి తీయించి, గడియారం చూడండి. ముందు అన్నీ సేవ్ చేయించడం మరిచిపోకండి. 600 వీఏ యూపీఎస్ కొత్త బ్యాటరీతో ఒక కంప్యూటర్‌ను పది పదిహేను నిమిషాలు నిలపాలి. అర నిమిషంలో ఆరిపోతే బ్యాటరీ మార్పించాలి. మామూలుగా రెండు మూడేళ్ళకు దాని ఆయువు తీరుతుంది, రేకుల షెడ్డులో వేడికి ఇంకా ముందే పోతుంది. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు కలిపి ఉంటే తీసి నేరుగా గోడకు పెట్టండి. అది వేడెక్కడానికి లాగే కరెంటును చిన్న యూపీఎస్ మోయలేదు.

నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పు గాలికి, వానాకాలపు తేమకు కంప్యూటర్ లోపలి బంగారు పూత అంచులు మసకబారతాయి. తెర నల్లగా ఉండి బీప్ చప్పుడు వస్తుంటే, తీగ పూర్తిగా ఊడదీసి, ర్యామ్ కార్డు తీసి, దాని అంచును రబ్బరుతో మెల్లగా రుద్ది, బ్రష్‌తో దులిపి పెట్టి చూడండి. చాలాసార్లు ప్రాణం లేచి వస్తుంది. మిల్లుల్లో తవుడు దుమ్ము ఫ్యాన్లలో అట్టకడుతుంది, నూకల కోసం వచ్చిన ఎలుకలు నెట్ కేబుళ్ళు కొరికేస్తాయి. తీగలను నేల మీద వదలకుండా పీవీసీ పైపులోంచి గోడ వెంట తీయించండి.

ఒకసారి ఒక్కటే మార్చండి

తీగ మార్చి, సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించి, రూటర్ రీసెట్ చేసి, అన్నీ ఒకేసారి చేస్తే బాగవుతుందేమో గానీ ఎందుకు బాగయిందో మీకు తెలియదు. వచ్చే వారం మళ్ళీ చెడితే మళ్ళీ మొదటికే. ఒక్కటి మార్చండి, చూడండి, ఫలితం లేకపోతే దాన్ని యథాస్థానానికి తెచ్చి రెండోది మార్చండి.

మండపేట దగ్గర ఒక మిల్లులో జరిగింది చెబుతాను. కాటా మీద ట్రాక్టరు ఎక్కితే ఇండికేటర్‌లో ఎర్ర అంకెలు సరిగ్గానే వస్తున్నాయి. కంప్యూటర్‌లోని కాటా సాఫ్ట్‌వేర్‌లో మాత్రం సున్నా. నాకన్నా ముందు వచ్చిన అతను సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ ఎక్కించాడు, ఫలితం లేదు. గుమస్తా బరువులను చేత్తో రాస్తున్నారు, రైతులకు అనుమానం మొదలైంది. తూకం మాటకు వస్తే మన దగ్గర అనుమానం ఎంత తొందరగా గొడవ అవుతుందో తెలిసిందే.

దారి వెంట నడుస్తూ చూశాను. బరువు కాటా నుంచి ఇండికేటర్‌కు వస్తోంది, అంటే అక్కడిదాకా బాగుంది. ఇండికేటర్ వెనక నుంచి తొమ్మిది సూదుల సీరియల్ తీగ బయల్దేరుతుంది. కొత్త కంప్యూటర్లకు ఆ రంధ్రం ఉండదు కాబట్టి, ఒక యూఎస్‌బీ కన్వర్టర్ మీదుగా లోపలికి వెళ్తుంది. తీగ గట్టిగానే ఉంది. డివైస్ మేనేజర్ తెరిచి పోర్టుల వరస చూస్తే కన్వర్టర్ "కామ్ 5"గా కనిపించింది. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో "కామ్ 3" అని ఉంది. "బాబాయ్ గారూ, ఈ తీగ ఎవరైనా తీశారా?" అని అడిగితే, ముందు రోజు గది కడిగేటప్పుడు ఊడదీసి మళ్ళీ పెట్టారని చెప్పారు. పెట్టింది పక్క రంధ్రంలో. చవక కన్వర్టర్లలో చాలావాటికి రంధ్రం మారితే కంప్యూటర్ కొత్త నంబరు ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ పాత నంబరు దగ్గర కూర్చుని రాని బరువు కోసం ఎదురుచూస్తోంది. తీసి పాత రంధ్రంలో పెట్టగానే తెర మీద బరువు వచ్చింది. వెళ్ళే ముందు ఆ రంధ్రం చుట్టూ ఎర్ర టేపు అంటించి, తీగకూ అదే రంగు టేపు చుట్టాను. మీరూ టేపు సంచిలో వేసుకోండి.

రెండోది భీమవరంలో, చెరువులకు ఏరేటర్లు అమ్మే దుకాణం. యాభై వేలు దాటిన సరుకు పంపాలంటే ఈ-వే బిల్లు కావాలి. ఒక కంప్యూటర్‌లో ఆ సైటు తెరుచుకోదు, బ్యాంకు సైటు తెరుచుకోదు, "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తుంది. పక్క కంప్యూటర్‌లో అన్నీ బాగున్నాయి. కాబట్టి నెట్ తప్పు కాదు. తెర కుడి మూల చూస్తే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే, కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ రోజు మరిచిపోతుంది. సురక్షిత సైటు చూపించే ధ్రువపత్రానికి మొదలు తేదీ, ఆఖరు తేదీ ఉంటాయి. కంప్యూటర్ తనకు తెలిసిన తేదీతో పోల్చి, ఇది ఇంకా మొదలే కాలేదంటూ తలుపు మూసేస్తుంది. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే సరిపోయింది. అందుకే సంచిలో నాలుగు ఉండాలన్నాను.

నెట్ విషయంలోనూ ఇదే నడక. ముందు రూటర్‌కు పింగ్ చేయండి (అవతలిది పలుకుతోందా అని చూసే ఆదేశం ఇది), తర్వాత గూగుల్ వారి 8.8.8.8 నంబరుకు, తర్వాత ఏదైనా సైటు పేరుకు. మొదటిదే అందకపోతే చిక్కు దుకాణం లోపల ఉంది. రెండోది అందకపోతే బయట ఉంది, నెట్ ఇచ్చేవారికి ఫోన్ చేయండి. మూడోది మాత్రమే అందకపోతే, సైటు పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్ సెట్టింగు మార్చి చూడండి. కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను చవకగా అంటగడతారు, అసలు రాగిదే అడిగి తీసుకోండి. మిల్లు ఆఫీసు నుంచి దూరంగా ఉన్న కాటా గదికి ఆరుబయట తీగ లాగాల్సి వస్తే ఫైబర్ వేయించండి. పిడుగు పడినప్పుడు రాగి తీగ దాని దెబ్బను రెండు వైపులా ఉన్న యంత్రాలకు మోసుకుపోతుంది, గాజు తీగ మోయదు.

"నెమ్మదిగా ఉంది" అంటే

ఎక్కువగా వినే ఫిర్యాదు ఇది. విరుగుడు తరచుగా ఒక్కటే: పాత తిరిగే డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయడం, ర్యామ్‌ను ఎనిమిది జీబీకి పెంచడం. కొత్త కంప్యూటర్ కొనిపించే ముందు ఇది చూడండి. తీసిన పాత డిస్కును చెరపకండి. తేదీ రాసి కవరులో పెట్టి, మూడు నెలలు బీరువాలో ఉంచమనండి. ఏ పాత ఫోటోనో, ఏ పాత ఒప్పందమో అందులోనే ఉండిపోతుంది.

ఒక మినహాయింపు. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం లేదా ఆ పైన ప్రాసెసర్ కావాలి. అంతకన్నా పాతదైతే, ఎస్‌ఎస్‌డీ మీద డబ్బు పెట్టించే ముందు యజమానితో ఆ మాట చెప్పండి. అప్‌డేట్లు అనవసరమని వాదించే వారికి 2017 గుర్తు చేయండి. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ దాడి ఆ ఏడాది మే 12న ప్రపంచమంతా పాకింది. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. వేసుకోని వారు దెబ్బతిన్నారు.

తాళం చెవులు ఎవరి దగ్గర ఉన్నాయి?

ఈ మెట్టును చాలామంది మరిచిపోతారు. నా లెక్కలో నకలు తర్వాత ముఖ్యమైనది ఇదే. ఒక కాగితం తీసుకుని యజమానిని ఒక్కొక్కటే అడగండి. జీఎస్టీ పోర్టల్ లాగిన్ ఎవరి పేరు? ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుంది? దుకాణం ఈమెయిల్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? వెబ్‌సైట్ పేరు ఎవరి ఖాతాలో కొన్నారు? క్యూఆర్ కోడు ఏ బ్యాంకు ఖాతాకు కలిసి ఉంది? వాట్సాప్ నంబరు సిమ్ ఎవరి పేరు మీద ఉంది?

కడియం వైపు ఒక నర్సరీ వారికి ఈ కాగితం రాస్తుంటే, మొక్కల బొమ్మలు పెట్టిన వెబ్‌సైట్ మొత్తం మూడేళ్ళ క్రితం మానేసిన కుర్రాడి ఈమెయిల్ మీద ఉన్నట్టు తేలింది. ఆ కుర్రాడు మంచివాడు కాబట్టి ఫోన్ చేయగానే మార్చి ఇచ్చాడు. ఆ ఫోన్ నంబరు దొరకకపోయి ఉంటే? జీఎస్టీ నమోదు చేసినప్పుడు ఇచ్చిన ఫోను, ఈమెయిల్ మానేసిన అకౌంటెంట్‌వి కావడం కూడా తరచుగా చూస్తాను. లాగిన్ చేతిలో ఉంటే పోర్టల్‌లోనే మార్చుకోవచ్చు. అది కూడా లేకపోతే, పాన్ కార్డు, వ్యాపార రుజువులు పట్టుకుని తమ పరిధిలోని పన్ను అధికారి కార్యాలయానికి యజమానిని స్వయంగా వెళ్ళమనండి. రిటర్ను గడువు ముంచుకొచ్చాక కాదు, ఖాళీగా ఉన్న నెలలోనే.

అన్ని ఖాతాలూ యజమాని పేరు మీదకు తెచ్చాక, రెండంచెల భద్రత పెట్టించి, వివరాలు ఒక డైరీలో ఆయన చేతనే రాయించి, బీరువాలో పెట్టించండి. మీరు రాసుకోకండి. మీ ఫోను పోతే ఇరవై దుకాణాల తాళాలు పోయినట్టే.

ఇదే పూట కౌంటరు దగ్గర కూర్చునే వారితోనూ పది నిమిషాలు మాట్లాడండి. డబ్బు వచ్చిందనడానికి కొనుగోలుదారు చూపించే తెర బొమ్మ రుజువు కాదు, మన ఖాతాలో జమ కనిపించాలి, లేదా జమ అయిందని చెప్పే మన సౌండు డబ్బా పలకాలి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కరలేదు. గోడ మీది క్యూఆర్ స్టిక్కర్ మీద ఇంకొకటి అంటించి ఉందేమో రోజూ ఉదయం చూసుకోవాలి. మోసం జరిగితే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరును పెద్ద అక్షరాలతో రాసి గల్లాపెట్టె మీద అంటించండి.

కొన్నిసార్లు యాప్ వద్దని చెప్పాలి

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒక కుటుంబం నన్ను యాప్ కోసం పిలిచింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆర్డర్లు ఊళ్ళ నుంచి వస్తున్నాయి, కొందరికి రెండు పార్శిళ్ళు వెళ్తున్నాయి, కొందరికి అసలు వెళ్ళడం లేదు. యాప్ ఉంటే అన్నీ సరిపోతాయని ఆ ఇంటి అబ్బాయి ఆశ.

ఒక పూట అక్కడే కూర్చున్నాను. అత్తగారు బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి తడి గుడ్డ పరిచి రేకు తీస్తూనే, పక్కన మోగే ఫోనులో ఆర్డరు వింటున్నారు. అబ్బాయి ఫోనుకు వాట్సాప్‌లో కొన్ని, కోడలి ఫోనుకు కొన్ని వస్తున్నాయి. డబ్బు రెండు ఖాతాల్లో పడుతోంది. ముగ్గురి దగ్గర మూడు జాబితాలు. యాప్ పెట్టి ఉంటే నాలుగో జాబితా తయారయ్యేది.

ఒకే నంబరుతో వాట్సాప్ బిజినెస్ పెట్టించాను, మిగతా ఫోన్లను దానికే కలిపాను. ప్రతి సంభాషణకూ మూడు గుర్తులే: కొత్తది, డబ్బు వచ్చింది, పంపాం. క్యూఆర్ ఒక్కటే. ఆర్డరు రాగానే వరస నంబరు వేసి పొడుగు పుస్తకంలో ఒక గీత, పెట్టె మీద అదే నంబరు. అత్తగారికి ఫోనులో వచ్చే ఆర్డర్లు కూడా ఆ పుస్తకంలోకే. దీనికి నేను తీసుకున్నది ఒక పూట రుసుము. యాప్ చేసి ఇస్తే దానికి ఎన్నో రెట్లు వచ్చేది, వారికి చిక్కు మాత్రం అలాగే ఉండేది. నిజంగా సాఫ్ట్‌వేర్ కావలసిన రోజు వస్తే వారు మళ్ళీ నన్నే పిలుస్తారని నా నమ్మకం.

రోజు, రుసుము

ఏ పెద్ద మార్పునైనా క్యాలెండరు చూసి పెట్టుకోండి. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారులకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క) గడువు 20. ఆ తేదీలకు ముందు రెండు మూడు రోజులు ఏదీ అప్‌డేట్ చేయకండి. మిల్లులో సార్వా, దాళ్వా (రెండో పంట) కొనుగోళ్ళ వేళ, బట్టల కొట్టులో సంక్రాంతి ముందు, మేత డీలరు దగ్గర చెరువులు నిండుగా ఉన్న నెలల్లో అసలే వద్దు. వెనక్కి వెళ్ళే దారి లేని మార్పును ఏ రోజూ చేయకండి.

రుసుము ముందే చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి. సామాను అమ్మే దుకాణం నుంచి కమీషన్ తీసుకోకండి. యజమాని మీ సలహాకు డబ్బు ఇస్తున్నారు, ఇంకొకరి దగ్గర కూడా తీసుకుంటే ఆ సలహా వంకరపోతుంది. దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించమంటే మర్యాదగా కాదనండి. ఆ తాళం పగలగొట్టే ఫైళ్ళతోనే వైరస్ వస్తుందని నిదానంగా వివరించండి. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌తో ఉత్తరాలు, పట్టికల పని నడిచిపోతుందని చూపించండి.

అప్పగింత

బయల్దేరే ముందు ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వండి. నకలు ఎలా తీయాలి, నెట్ పోతే ముందు ఏది చూడాలి, ప్రింటర్ కదలకపోతే ఏది ఆపి ఏది వేయాలి, అంతే. కంప్యూటర్‌లో టైపు చేస్తే యూనికోడ్‌లోనే చేయండి. డీటీపీ దుకాణాల పాత ఫాంట్లలో చేసింది ఫోనులో పంపితే పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. దాన్ని లామినేట్ చేయించి మానిటర్ పక్కన వేలాడదీయండి.

వారం తర్వాత పిలవకపోయినా ఒకసారి వెళ్ళండి. గుమస్తా గారి పక్కన నిలబడి, "బాబాయ్ గారూ, గురువారం డిస్కులోని పద్దును ఆ రెండో కంప్యూటర్‌లో తెరిచి చూపించండి" అని అడగండి. మౌసు ఆయన చేతిలోనే ఉండాలి, తడుముకున్నా మీరు అందుకోకూడదు. గోడ మీది కాగితం చూసుకుంటూ ఆయన ఒక్కొక్క మెట్టూ దాటుతారు. ఆఖరి బిల్లు నంబరు తెర మీదకు వస్తుంది. ఆయనే దాన్ని పైకి చదివి, బిల్లు పుస్తకం తిప్పి, గురువారం నాటి కార్బన్ కాపీతో సరిచూస్తారు. అంకె కలిశాక యజమానికి రసీదు రాసి ఇచ్చి, మీ పుస్తకంలో ఆ దుకాణం పేజీ తీసి తేదీ వేయండి.